చేతిపనికీ సనదు ఉండాలి

గత వేసవిలో మా మదర్సాలో జరిగిన ఒక సంఘటనతో ఈ నెల మాట మొదలుపెడతాను. తప్పు నాదే కనుక దాచవలసిన అవసరం లేదు.

పిల్లలకు చల్లని నీరు అందాలని ఒక దాత స్టీలు వాటర్ కూలరు ఇప్పించారు. దానిని బిగించడానికి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. విడిగా కొత్త వైరు లాగాలి, ఎర్తింగు సరిచూడాలి, మొత్తం నాలుగు వేలు అవుతుందని ఆయన చెప్పాడు. ఆ సొమ్ము నాకు ఎక్కువనిపించింది. బజారులో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే దుకాణంలో పనిచేసే ఒక కుర్రవాడు అయిదు వందలకే ఒప్పుకున్నాడు. గంటలో కూలరు నడిచింది. మూడున్నర వేలు మదర్సాకు మిగిలాయని నేను సంతోషించాను.

పదకొండు రోజులు గడిచాయి. అసర్ నమాజుకు వుజూ చేసుకొని, తడి కాళ్లతో వచ్చి కూలరు కుళాయి పట్టుకున్న పన్నెండేళ్ల విద్యార్థి ఒక్క కేక వేసి వెనక్కి పడిపోయాడు. అల్లాహ్ దయవలన ప్రాణం దక్కింది. మోచేయి చీరుకుపోయింది, నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రాత్రి వాడి తండ్రికి ఫోను చేసి విషయం చెప్పవలసి వచ్చినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆయన మాత్రం, "పిల్లవాడు క్షేమంగా ఉన్నాడు కదా హజ్రత్, చాలు" అన్నాడు. ఆయన నన్ను నిలదీసి ఉంటే నా మనసు కొంత తేలికపడేదేమో!

మరునాడు ఆ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి మూడు పిన్నుల ప్లగ్గు విప్పి చూపించాడు. ఎర్ర వైరు, నల్ల వైరు వాటి స్థానాలలో ఉన్నాయి. ఆకుపచ్చ వైరును కత్తిరించి, టేపు చుట్టి, పక్కకు మడిచి పెట్టారు. బిగించిన కుర్రవాడిని పిలిచి అడిగాను. "మూడో వైరు లేకపోయినా మిషను నడుస్తుంది కదా సాబ్" అన్నాడు. అందులో మోసం లేదు, అబద్ధం లేదు. ఆ వైరు ఎందుకున్నదో వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఉస్తాదు చేతులు ఎలా కదిలాయో చూశాడు; ఎందుకు కదిలాయో వినలేదు. మన ఇళ్లల్లో, మస్జిదులలో, దుకాణాలలో జరిగే మరమ్మతులలో చాలా భాగం ఇలా సగం నేర్చిన చేతులతోనే సాగుతున్నది.

ఆ మూడో వైరు పని

ఎలక్ట్రీషియన్ ఆనాడు నాకు చెప్పిన పాఠాన్ని పాఠకులకూ చెబుతాను. మన ఇంటికి వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. యంత్రం లోపల ఎక్కడో వైరు పైపొర పాడై లోహపు తొడుగును తాకిందంటే ఆ తొడుగంతా కరెంటుమయమవుతుంది. ఆకుపచ్చ వైరు ఉంటే ఆ కరెంటు దాని వెంట నేలలోకి దిగిపోతుంది, ఎంసీబీ పడిపోతుంది. ఆ దారి లేనప్పుడు, తడి చేతితో పట్టుకున్న మనిషే దారి అవుతాడు.

"మా ఇంటిలో ఎంసీబీ ఉంది కదా" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణానికి ముప్పు తేవడానికి అందులో కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు; పది వాట్ల ఎల్ఈడీ బల్బు కూడా నలభైకి పైగా మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. మనిషిని కాపాడడానికి వేరే పరికరం ఉంది. దాని పేరు ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకు, తిరిగి వచ్చిన కరెంటుకు మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే అది రెప్పపాటులో సరఫరా నిలిపివేస్తుంది. అయితే అది ఎర్తింగుకు బదులు కాదు, ఎర్తింగుకు తోడు. దానిపై ఉండే చిన్న పరీక్షా బొత్తామును నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కినప్పుడు అది పడిపోకపోతే అది ఉన్నా లేనట్టే.

నాలుగు వేలు ఎందుకవుతాయో నాకు అప్పుడు అర్థమైంది. నేను ఆదా చేశాననుకున్న డబ్బు ఒక బిడ్డ ప్రాణం మీద చేసిన ఆదా.

సనదు లేని విద్య

మదర్సాలో ఇరవై ఎనిమిదేళ్లుగా పాఠం చెబుతున్నాను. గ్రంథాన్ని సొంతంగా చదివి వచ్చినవాడిని మేము ఆలిమ్ అని అనము. ఉస్తాదు ఎదుట కూర్చొని, అక్షరం అక్షరం వినిపించి, తప్పు దిద్దించుకొని, సనదు పొందాలి. ఆ ఉస్తాదు కూడా మరొక ఉస్తాదు ఎదుట అలాగే కూర్చొని ఉండాలి. విద్య విషయంలో ఇంత పట్టింపు ఉన్న మనము, తలపై తిరిగే ఫ్యాను దగ్గర, నీళ్ల గదిలోని గీజరు దగ్గర ఆ పట్టింపును ఎందుకు వదిలేశాము?

వైద్యం తెలియకుండానే వైద్యానికి పూనుకొని హాని కలిగించినవాడు ఆ హానికి పూచీపడాలని హదీసు గ్రంథాలలో ఉన్న ప్రవక్త (స) బోధన మనకు తెలుసు. దర్జీ, రంగరేజు వంటి వృత్తికారుల చేతిలో వస్తువు పాడైతే బాధ్యత ఎవరిదన్న విషయంపై ఫిఖ్హ్ గ్రంథాలలో విడిగా చర్చలు ఉన్నాయి. బట్ట పాడైతేనే ఇంత విచారణ ఉంటే, బిగించిన గీజరు వలన ప్రాణం పోతే బాధ్యత ఎంతటిది! పనివాడికి మాత్రమే కాదు, చవక అని తెలిసీ తెలియనివాడిని పిలిచిన నాబోటివాడికీ అందులో వాటా ఉంది.

మరొక మాట. చేతిపని అంటే చదువు రానివారి పని అన్న చిన్నచూపు మన ఇళ్లలో ఇంకా ఉంది. దావూద్ (అ) కవచాలు తయారుచేసేవారు. జకరియ్యా (అ) వడ్రంగి. మన మిద్దె మీది నీళ్ల తొట్టి నిండగానే దానంతట అదే నీటిని ఆపే బాల్ వాల్వు ఉంది కదా, నీటిపై తేలే వస్తువుతో అలా నీటిని అదుపు చేసే ఉపాయాలను బగ్దాదులో బనూ మూసా సోదరులు 9వ శతాబ్దంలోనే వర్ణించారు. అల్ జజరీ 1206లో పూర్తిచేసిన గ్రంథంలో నీటిని పైకి తోడే యంత్రాలను బొమ్మలతో సహా వివరించాడు. వారికి చేతిపని వేరు, విద్య వేరు కాలేదు.

ఆరేళ్లు హెల్పరుగానే

కూలరు సంఘటన జరిగిన కొద్ది రోజులకే నా పాత విద్యార్థి ఒకడు గల్ఫ్ నుండి సెలవుపై వచ్చి కలిశాడు. ఆరేళ్లుగా ఒక పెద్ద భవనంలో నిర్వహణ పనిలో ఉన్నాడు. పంపులు విప్పుతాడు, ఏసీలు కడుగుతాడు, పైపులు అతుకుతాడు. "ఇప్పుడు టెక్నీషియన్‌వి అయ్యావా బేటా?" అని అడిగాను. తల దించుకున్నాడు.

"లేదు హజ్రత్, ఇంకా హెల్పరునే. నాతో వచ్చినవాడు నాకన్నా తక్కువ పని తెలిసినవాడు. కాని వాడి దగ్గర ఐటీఐ కాగితం ఉంది, మీటరు చదువుతాడు, లాగ్ బుక్కు రాస్తాడు. నేను నిచ్చెన పట్టుకుంటాను, వాడు సంతకం పెడతాడు."

వాడి మాటలో అసూయ లేదు, అలసట ఉంది. మదర్సాలో నాలుగేళ్లు చదివి, పదో తరగతి రాయకుండా, ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి విమానమెక్కిన పిల్లవాడు వాడు. పదో తరగతి పరీక్ష రాయించవలసినది మేమే. ఆ లోపం కూడా మా ఖాతాలోదే. ఒకవైపు కాగితం లేక ఎదగని నా విద్యార్థి, మరొకవైపు కారణం తెలియక ఆకుపచ్చ వైరు కత్తిరించిన బజారు కుర్రవాడు. ఇద్దరికీ లేనిది ఒక్కటే: క్రమమైన శిక్షణ.

నేర్చుకోవలసిన క్రమం

అప్పటినుండి మా మదర్సాలో ప్రతి గురువారం జుహర్ తరువాత పెద్ద పిల్లలకు భవన నిర్వహణ పాఠం పెట్టాము. ఆ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్, అనుభవజ్ఞుడైన ఒక ప్లంబరు వచ్చి చెబుతారు. నేనూ వెనక వరుసలో కూర్చుంటాను. అక్కడ విన్నవాటిలో ముఖ్యమైనవి ఇవి.

మొదటి పాఠం పానా పట్టడం కాదు, ఆపడం. కరెంటు పనికి ముందు స్విచ్చి కాదు, మెయిన్ ఆపాలి. ఎవరూ తిరిగి వేయకుండా తాళమో చీటీయో పెట్టాలి. తరువాత టెస్టరును ముందుగా కరెంటు ఉన్న సాకెట్టులో పెట్టి అది పనిచేస్తున్నదని చూడాలి; పని చేయబోయే చోట పెట్టాలి; మళ్లీ కరెంటు ఉన్నచోట పెట్టి చూడాలి. పాడైన టెస్టరు వెలగదు. వెలగనంత మాత్రాన కరెంటు లేదనుకున్నవాడు మోసపోతాడు. అలాగే స్విచ్చి తెంచవలసినది ఫేజు వైరును. న్యూట్రల్ మీద స్విచ్చి పెడితే బల్బు ఆరిపోతుంది గాని హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది.

రెండవది, మూసి ఉన్న సంపులోకి, సెప్టిక్ ట్యాంకులోకి దిగకపోవడం. లోపల ప్రాణవాయువు ఉండకపోవచ్చు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే విషవాయువు మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కనుక ప్రమాదం పోయిందనుకుంటారు. ఒకడు పడిపోతే కాపాడబోయి రెండవవాడు, మూడవవాడు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనము ఎన్నిసార్లు చదవలేదు! కొత్తగా కట్టిన సంపులో సెంట్రింగు చెక్కలు తీయడానికి దిగినవారికీ ఈ ప్రమాదం ఉంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. డబ్బు ఎంత ఇస్తామన్నా "దిగను" అని చెప్పడం కూడా ఈ వృత్తిలో ఒక నైపుణ్యమే.

మూడవది నీరు. మా వుజూఖానాలో కారుతున్న ఒక కుళాయి కింద పిల్లలచేత పావు లీటరు గ్లాసు పెట్టించాము. అరగంటలో నిండింది. లెక్క కట్టమన్నాను. రోజుకు 12 లీటర్లు, ఏడాదికి 4,380 లీటర్లు! వుజూలో నీటిని వృథా చేయరాదని పాఠం చెప్పే చోటనే ఇంత నీరు కాలువలోకి పోతున్నది. పాత మరకుళాయి అయితే లోపలి రబ్బరు వాషరు మారిస్తే చాలు. పావు తిప్పుతో తెరుచుకునే కొత్త కుళాయిలలో వాషరు ఉండదు, లోపలి పింగాణీ బిళ్లల భాగం మార్చాలి. టెఫ్లాన్ టేపును మర బిగుసుకునే దిశలోనే చుట్టాలి. ఎదురు చుడితే బిగిస్తున్నకొద్దీ ఊడివస్తుంది. గీజరు నుండి వచ్చే వేడినీటికి సీపీవీసీ పైపు వాడాలి. చన్నీటికి వాడే మామూలు పీవీసీ వేడికి మెత్తబడిపోతుంది.

గోడ చెమ్మ విషయంలోనూ ఇదే బుద్ధి కావాలి. చెమ్మ కనబడగానే రంగు వేయించడం రోగం ఉండగా పౌడరు రాయడం వంటిది. నీరు ఎక్కడి నుండి వస్తున్నదో ముందు తెలుసుకోవాలి. కుళాయిలన్నీ మూసి, మీటరు ఇంకా తిరుగుతున్నదేమో చూడండి. తిరుగుతుంటే ఎక్కడో పైపు కారుతున్నది. తిరగకపోతే మిద్దెను, వాననీటి గొట్టాన్ని, బాత్‌రూము నేలను పరిశీలించండి.

ఏసీ పనికి వెళ్లే పిల్లలు రెండు విషయాలు మరవరాదు. స్విచ్చి ఆపిన తరువాత కూడా కెపాసిటరులో కరెంటు నిలిచి ఉంటుంది. నేటి యంత్రాలలో వాడే ఆర్-32 వాయువుకు కొంత మండే గుణం ఉంది, ఆర్-290కి మరింత ఎక్కువ. మూసిన గదిలో, నిప్పు దగ్గర గ్యాసు నింపే పని పెట్టుకోరాదు.

చివరిది, అన్నింటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది రాత. హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రులు, కార్యాలయ భవనాలు, మాల్స్ మూడు షిఫ్టులలో నడుస్తాయి. రాత్రి షిఫ్టువాడు పంపు పీడనం, జనరేటరులో డీజిలు, ఏ యంత్రం ఎందుకు ఆగిందో లాగ్ బుక్కులో రాస్తేనే ఉదయం వచ్చినవాడికి తెలుస్తుంది. మంటలార్పే పంపును వారం వారం నడిపి చూసి రాయకపోతే, నిప్పు అంటుకున్న రోజున అది నడుస్తుందన్న నమ్మకం ఏమిటి? యంత్రంపై ఉన్న రేకు మీది వోల్టు, ఆంపియరు, వాట్టు చదవడానికి పెద్ద ఆంగ్లం అవసరం లేదు, వంద మాటలు చాలు. ఉర్దూ చదివిన మా పిల్లలు ఆ వంద మాటలు రెండు నెలల్లో నేర్చుకున్నారు.

సనదు ఎక్కడ దొరుకుతుంది?

పదో తరగతి లేని విద్యార్థులు ముందుగా ఓపెన్ స్కూలు ద్వారా ఆ పరీక్ష రాయాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఈ ఏర్పాటు ఉంది. ఆ తరువాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు, రిఫ్రిజిరేషన్ - ఏసీ టెక్నీషియన్ కోర్సు రెండేళ్లు, ప్లంబరు కోర్సు ఒక ఏడాది. పిమ్మట అప్రెంటిస్‌గా చేరితే చదివినది చేతికి వస్తుంది. హైదరాబాదులో 1998 నుండి ఉన్న జాతీయ నిర్మాణ అకాడమీ, అంటే న్యాక్, నిర్మాణ వృత్తులలో శిక్షణ ఇస్తున్నది. పాతబస్తీ కుటుంబాలకు తెలిసిన సెట్విన్ 1978 నుండి పనిచేస్తున్నది. ఇప్పటికే ఏళ్ల తరబడి పనిచేస్తూ కాగితం లేనివారికి, వచ్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి ఉంది. నా పాత విద్యార్థికి నేను చెప్పినది ఇదే. విద్యుత్తు పని స్వతంత్రంగా చేపట్టాలంటే ప్రభుత్వ విద్యుత్ లైసెన్సింగ్ విభాగం ఇచ్చే పర్మిటు విడిగా పొందాలి.

గల్ఫ్ వెళ్లదలచినవారు మరికొంత జాగ్రత్త వహించాలి. సౌదీ అరేబియా ఎలక్ట్రీషియన్, ప్లంబరు, ఏసీ టెక్నీషియన్ వంటి పనులకు ముందుగానే నైపుణ్య పరీక్ష పెడుతున్నది. కనుక ఇక్కడ నేర్చుకోకుండా అక్కడ నేర్చుకుందామన్న ఆలోచన ఇక సాగదు. పదో తరగతి లేనివారి పాస్‌పోర్టు ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన వర్గంలోకి వస్తుంది. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగేవాడిని నమ్మకండి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ విచారించండి. ఒప్పంద పత్రంలో మీ వృత్తి పేరు ఏమని రాశారో చదివించుకొని సంతకం పెట్టండి. "హెల్పర్" అని రాసి ఉంటే మీరు వెళ్లేది హెల్పరుగానే.

ఈ వారం మన ఇంట్లో

తల్లులు, సోదరీమణులు ఇది మగవారి పని అనుకొని పేజీ తిప్పవద్దు. ప్రమాదం జరిగే వేళకు ఇంట్లో ఉండేది ఎక్కువగా మీరే. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో, నీటి ప్రధాన వాల్వు ఎక్కడుందో ఇంటిలోని ప్రతి ఒక్కరికీ, ఆడపిల్లలకు కూడా, చూపించండి. ఆర్‌సీసీబీ ఉంటే బొత్తాము నొక్కి చూడండి, లేకపోతే పెట్టించండి. గీజరు, వాషింగ్ మిషను, నీళ్ల మోటారులకు ఎర్తింగు ఉన్నదో లేదో పని తెలిసినవారిచేత పరీక్ష చేయించండి. ఎవరికైనా కరెంటు కొడితే వారిని ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి. వేసవిలో ఎర్తింగు గుంతలో అప్పుడప్పుడు ఒక బకెట్టు నీళ్లు పోయండి. మస్జిదు కమిటీలో ఉన్నవారు వచ్చే జుమాకు ముందే వుజూఖానాను, కూలరును ఒకసారి చూసి రండి.

మా వాటర్ కూలరు ఇప్పుడు సరిగా నడుస్తున్నది. ప్రతి నెల మొదటి గురువారం దాని ఎర్తింగును సరిచూసి పుస్తకంలో రాసే బాధ్యతను ఒక విద్యార్థి తనంతట తానే అడిగి తీసుకున్నాడు. మోచేతిపై నాలుగు కుట్ల మచ్చ ఉన్నవాడే. పోయిన నెల వాడు రాసిన వరుస చూశాను. తేదీ వేసి, "ఆకుపచ్చ వైరు గట్టిగా ఉంది" అని రాసి, కింద సంతకం పెట్టాడు. అయిదు వందలకు పనిచేసిన ఆ బజారు కుర్రవాడు కూడా ఇప్పుడు గురువారం పాఠానికి వస్తున్నాడు. ఇన్షా అల్లాహ్, వచ్చే ఏడాది ఐటీఐలో చేరతానంటున్నాడు. ఫీజులో సగం మదర్సా తరఫున కాదు, నా తరఫున కడతానని మాటిచ్చాను. నేను మిగిల్చాననుకున్న ఆ మూడున్నర వేలు ఆవిధంగానైనా చెల్లిపోవాలి.